తలుపు బందుకు నిలిచే కందెన

తాపీ నదికి ఉత్తరపు గట్టున ఉన్న అమ్రోలి ఇప్పుడు సూరత్ నగరంలో భాగం. అక్కడి మరమగ్గాల షెడ్లలో నేసిన, ఇంకా రంగు వేయని గ్రే బట్ట తానులు టెంపోల్లో అద్దకం మిల్లులకు వెళ్తాయి. రంగు, అచ్చు పూర్తయ్యాక చీరల పార్సిళ్లుగా రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్లకు చేరతాయి. సరుకు ఎక్కించే ప్రతి చోటా, దించే ప్రతి చోటా డ్రైవరు తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. వెనక డోరు దిగుతుంది, లేస్తుంది. ఇంటి ముందు నిలిపి ఉంచే కారు తలుపుకు వారంలో పడే పని ఈ తలుపులకు ఒక్క రోజులోనే పడుతుంది. జూన్‌లో వానలు మొదలై నెల తిరిగేసరికి వాటిలో చాలా తలుపులు కిర్రుమంటాయి.

కిర్రుమన్న బందు మీద చేతికందిన నూనె పోయడం అన్ని ఊళ్లలోనూ ఉన్న అలవాటే. ఇంట్లో కొబ్బరినూనె ఉంటుంది. మగ్గం పక్కన నూనె డబ్బా ఉంటుంది. మెకానిక్ షెడ్డులో ఇంజన్ నుంచి దించిన నల్ల ఆయిలు ఉంటుంది. స్పేర్ పార్ట్స్ కొట్లో రకరకాల స్ప్రేలు దొరుకుతాయి. వీటిలో ఏది వేసినా ఆ పూటకు శబ్దం ఆగుతుంది. ఎన్నాళ్లు ఆగుతుంది, ఈలోగా లోపల పిన్ను అరుగుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. బందుకు బాగా జారే నూనె కన్నా, చోటు వదలకుండా నిలిచే కందెన అవసరం. ఎందుకో తెలియాలంటే ముందు ఆ శబ్దం ఎలా పుడుతుందో చూడాలి.

కిర్రుమనేది ఎందుకు?

బందులో ముఖ్యమైన భాగాలు రెండు: ఒక పిన్ను, దాని చుట్టూ తిరిగే బుష్షు. రెండూ చేతికి నున్నగానే తగులుతాయి. సూక్ష్మదర్శిని కింద మాత్రం వాటి ఉపరితలమంతా మిట్టపల్లాలే. ఒకదాని మిట్టలు మరొకదాని మిట్టల మీద ఆనుకుంటాయి, మిగతా చోటంతా ఖాళీ. ఆ కొద్ది మిట్టల మీదే మొత్తం భారం పడటంతో అక్కడ లోహం నలిగి, లోహంతో లోహం అతుక్కుంటుంది. కేంబ్రిడ్జిలో ఫిలిప్ బౌడన్, డేవిడ్ టేబర్ 1930ల నుంచి చేసిన ప్రయోగాలు ఈ సంగతిని తేల్చాయి. 1950లో వాళ్లిద్దరూ ప్రచురించిన గ్రంథం ఘర్షణ శాస్త్రానికి ఇప్పటికీ పునాది.

తలుపు తోసినప్పుడు అతుక్కున్న మిట్టలు వెంటనే వదలవు. తోపుడు పెరిగే కొద్దీ పిన్ను, బందు రేకు, తలుపు చట్రం కొద్దికొద్దిగా వంగి స్ప్రింగులా బిగుసుకుంటాయి. ఒక హద్దు దాటగానే అతుకు తెగి ఉపరితలం ఒక్కసారిగా ముందుకు జారుతుంది. బిగువు సడలగానే మళ్లీ కొత్త మిట్టల దగ్గర పట్టుకుంటుంది. నిలిచి ఉన్నప్పటి ఘర్షణ, జారుతున్నప్పటి ఘర్షణ కన్నా ఎక్కువ కావడమే ఈ పట్టు–జారు ఆటకు మూలం. ఇది సెకనుకు వందల సార్లు, ఒక్కోసారి వేల సార్లు జరుగుతుంది. ఆ కంపనం తలుపు రేకుకు చేరుతుంది. మిల్లీమీటరు మందం కూడా లేని ఆ వెడల్పాటి రేకు కంపనాన్ని గాలిలోకి పంచుతుంది. మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య శబ్దాలను అన్నిటికన్నా బాగా పట్టుకుంటుంది. అందుకే అందులో పడే కీచుదనం అంత చిన్న చోటు నుంచి వచ్చినా వీధి చివరి దాకా వినిపిస్తుంది.

వయొలిన్ పలికేదీ ఈ సూత్రం మీదనే. కమాను వెంట్రుకలకు రోజన్ రాస్తే అవి తీగను పట్టుకుంటూ, వదులుతూ సాగుతాయి. తీగ ఈ విధంగా కదులుతుందని 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్ చూపించాడు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు కమాను కింద ఆ పట్టు–జారు నాదమైంది. బందులో దాన్ని పుట్టకుండా ఆపాలి. ఆపాలంటే నిలిచి ఉన్నప్పటి ఘర్షణకూ జారేటప్పటి ఘర్షణకూ మధ్య ఉన్న తేడాను చెరిపేయాలి. కందెన చేసే మొదటి పని ఇదే.

అయితే తలుపు దగ్గర పుట్టే ప్రతి శబ్దమూ బందుదే కాదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు రంగు మీద రాసుకున్నా కీచుమంటుంది. తలుపు ఎంతవరకు తెరుచుకోవాలో నిర్ణయించే చెక్ స్ట్రాప్ ఎండిపోయినా టకటకమంటూ మూలుగుతుంది. పోల్చుకోవడానికి తేలిక మార్గం ఉంది. ఒక చేతి వేలు బందు మీద ఆనించి, రెండో చేత్తో తలుపును మెల్లగా కదపాలి. శబ్దంతో పాటు వేలికి అదురు తెలిస్తే తప్పు బందుదే. తడిగుడ్డతో బీడింగు తుడవగానే శబ్దం మారితే తప్పు రబ్బరుది. తెరిచే దారిలో ఒకటి రెండు చోట్లే శబ్దం వస్తే చెక్ స్ట్రాప్‌ను చూడాలి. ఈ మూడింటికీ కందెనలు వేరు. తేల్చుకోకుండా మందు వేస్తే డబ్బు, శ్రమ రెండూ వృథా.

చిన్న పిన్ను మీద ఎంత భారం?

ఒక తలుపు 25 కిలోలు తూగుతుందనుకుందాం. దాని రెండు బందుల మధ్య 35 సెంటీమీటర్ల దూరం, తలుపు బరువుకు కేంద్రం బందుల నుంచి 50 సెంటీమీటర్ల అవతల ఉందనుకుందాం. ఆ బరువు తలుపును కిందికి వాల్చాలని చూస్తుంది. పై బందును బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి నెడుతుంది. 25ను 50తో గుణించి 35తో భాగిస్తే ఒక్కో బందు మీద పక్కవాటుగా పడే బలం తెలుస్తుంది. అది దాదాపు 36 కిలోల బరువుకు సమానం. తలుపు ఊరికే వేలాడుతున్నప్పుడే ఇంత. బందుకు మీటరు దూరంలో తలుపు అంచు పట్టుకుని, 20 కిలోల భారం దాని మీద మోపుతూ ఎక్కితే ఒక్కో పిన్ను మీద మరో 57 కిలోలు చేరతాయి. ఎత్తయిన క్యాబిన్లలోకి ఎక్కేవారు తలుపును ఊతగా వాడే అలవాటు మానితే పిన్ను ఆయుష్షు పెరిగేది ఇందుకే.

ఎనిమిది మిల్లీమీటర్ల పిన్ను, ముప్ఫై మిల్లీమీటర్ల బుష్షులో తిరుగుతుంటే భారం మోసే వైపు చూపుకు 240 చదరపు మిల్లీమీటర్ల చోటు కనిపిస్తుంది. బౌడన్, టేబర్ల లెక్క ప్రకారం 36 కిలోల భారం కింద మామూలు ఉక్కు మిట్టలు నిజంగా తాకే చోటు సుమారు పావు చదరపు మిల్లీమీటరు. అంటే కనిపించే చోటులో వెయ్యో వంతు. కందెన కాపాడవలసింది ఆ వెయ్యో వంతునే. అక్కడ ఒత్తిడి ఎంత ఉంటుందంటే, పలుచని నూనె చుట్టూ ఎంత ఉన్నా ఆ మిట్టల మధ్య నుంచి పిండినట్టు బయటికి పోతుంది.

ఇంజన్ సూత్రం ఇక్కడ పనిచేయదు

ఇంజన్‌లో నూనె చేసే పని వేరు. 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ రైలు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, తిరుగుతున్న ఇరుసు నూనెను తనంత తానే లోపలికి లాక్కుని, ఒత్తిడి పుట్టించి, ఆ నూనె పొర మీద తేలుతుందని గమనించాడు. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. వేగం, చిక్కదనం, భారం మారితే ఘర్షణ ఎలా మారుతుందో 1902లో జర్మనీలో రిచర్డ్ స్ట్రిబెక్ కొలిచాడు. ఆ కొలతల నుంచి వచ్చిన వంపు రేఖను ఇంజనీర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. వేగం బాగా ఉంటే నూనె పొర రెండు లోహాలనూ పూర్తిగా విడదీస్తుంది. వేగం తగ్గితే పొర పలచబడుతుంది. మరీ తగ్గితే మిట్టలు మళ్లీ తాకుతాయి.

బందు వేగం ఎంత? తలుపును ఒక సెకనులో 70 డిగ్రీలు తెరిస్తే, 8 మిల్లీమీటర్ల పిన్ను మీద ఉపరితలం జరిగేది 5 మిల్లీమీటర్లే. 50 మిల్లీమీటర్ల క్రాంకు షాఫ్టు నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు దాని ఉపరితలం సెకనుకు దాదాపు 8 మీటర్లు పరుగెత్తుతుంది. రెండింటికీ తేడా పదిహేను వందల రెట్లకు పైనే. పైగా తలుపు ప్రతిసారీ ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది. అందుకే ఎంత మంచి ఇంజన్ ఆయిల్ పోసినా బందులో తేలే పొర ఎన్నటికీ ఏర్పడదు.

ఇలాంటి చోట కాపాడేది మరో రకం రక్షణ. 1920ల్లో విలియం బేట్ హార్డీ దానిని విడిగా గుర్తించి, సరిహద్దు కందెన స్థితి అన్నాడు. కొవ్వు ఆమ్లాల అణువులకు ఒక కొస లోహాన్ని పట్టుకునే స్వభావం గలది, మిగిలినది పొడవాటి తోక. ఆ కొసతో లోహాన్ని కరుచుకుని, తోకలు పైకి పెట్టి, అవి బారులు తీరి నిలబడతాయి. స్టియరిక్ ఆమ్లం అణువు పొడవు 2.5 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అంత పలుచని పొర చాలు, ఘర్షణ పడిపోవడానికి. పొడి ఉక్కు మీద ఉక్కు జారితే ఘర్షణ గుణకం 0.6 దరిదాపుల్లో ఉంటుంది. మంచి సరిహద్దు పొర ఉంటే 0.1 దగ్గరికి దిగుతుంది. పొర కొంచెం చెదిరినా మళ్లీ నింపడానికి దగ్గరలో నిల్వ ఉండాలి. ఆ నిల్వ కారిపోకుండా ఉండాలి. గ్రీజు పుట్టింది ఈ అవసరం నుంచే.

ఆముదం నుంచి లిథియం గ్రీజు దాకా

మన పల్లెల్లో ఎడ్లబండి ఇరుసుకు పెట్టే కందెన ఈ అవసరాన్ని ఎప్పుడో తీర్చింది. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి ముద్ద చేసి ఇరుసుకు పూసేవారు. మసి ఆ నూనెను పట్టి ఉంచుతుంది, ఆముదం లోహాన్ని అంటిపెట్టుకుంటుంది. ఆముదానికే ఈ గుణం ఎందుకు? దాని కొవ్వు ఆమ్లాలలో 85 నుంచి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లం. దాని పొడవాటి తోకలో పన్నెండో కర్బన పరమాణువు దగ్గర ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉంటుంది. మన వంట నూనెల్లో ఉండే కొవ్వు ఆమ్లాలకు ఇది లేదు. ఈ సమూహాల వల్ల అణువులు ఒకదానినొకటి లాక్కుంటాయి, అందుకే ఆముదం మిగతా నూనెల కన్నా దాదాపు పది రెట్లు చిక్కన. లోహాన్ని కూడా మరింత గట్టిగా పట్టుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలు ఆముదం మీదే ఎగిరాయి. క్యాస్ట్రాల్ అన్న పేరు వచ్చింది కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచే.

ఈ రోజు కొట్లో కొనే లిథియం గ్రీజులో కూడా ఆముదం వారసత్వం ఉంది. ఆముదానికి హైడ్రోజన్ ఎక్కిస్తే గట్టి మైనం వస్తుంది. దాన్ని విడగొడితే 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లం వస్తుంది. దానికి లిథియం హైడ్రాక్సైడ్ కలిపితే ఒక రకం సబ్బు తయారవుతుంది. ఆ సబ్బు సన్నని పోగులుగా అల్లుకుని, తన సందుల్లో ఖనిజ నూనెను పట్టి ఉంచుతుంది. గ్రీజులో ఎక్కువ భాగం ఈ నూనే, సబ్బు కొద్ది భాగమే. రుద్దుడు పడిన చోట కొంచెం నూనె వదులుతుంది, రుద్దుడు ఆగగానే మళ్లీ గట్టిపడుతుంది. లిథియం సబ్బు గ్రీజుకు 1942లో అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ పేటెంటు పొందాడు. అంతకు ముందు కాల్షియం గ్రీజు నీటికి తట్టుకునేది, వేడికి ఓడిపోయేది. సోడియం గ్రీజు వేడికి నిలిచేది, నీటికి కరిగేది. లిథియం రెండింటినీ తట్టుకుంది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే గ్రీజులో సగానికి పైగా లిథియం రకాలే.

ఆముదం గింజలు ప్రపంచంలో ఎక్కువగా పండించేది మన దేశం, మన దేశంలో ఎక్కువగా పండించేది గుజరాత్. ఉత్తర గుజరాత్‌లోని బనాస్‌కాంఠా, మెహసాణా, పాటణ్, పక్కనే కచ్ ఆ పంటకు పేరుపొందాయి. తెలంగాణలో పాలమూరు, నల్గొండ చలక నేలలు ఆముదానికి పాత కాపులు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత నూనెగింజల పరిశోధన సంస్థ ఈ పంట మీద పనిచేస్తోంది. తాపీకి అవతలి గట్టున, లింబాయత్ చుట్టుపక్కల తరాలుగా మగ్గాలు నడుపుతున్న తెలంగాణ పద్మశాలి కుటుంబాలకు ఇల్లు విడిచి వచ్చిన జిల్లాల పంటా, ఇల్లు కట్టుకున్న రాష్ట్రపు పంటా ఒకటే అయింది. టెంపో బందుకు పూసే గ్రీజులో ఆ పంటే ఉంది.

వాన, ఉప్పు, దుమ్ము, పీచు

కందెనను ఎంచుకునే ముందు బండి తిరిగే ఊరినీ లెక్కలోకి తీసుకోవాలి. అరేబియా సముద్రం సూరత్‌కు దగ్గర. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఉక్కు తుప్పు పట్టడం జోరందుకుంటుంది. ఉప్పు పేరుకున్న లోహం మీద అంతకన్నా తక్కువ తేమలోనే మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సూరత్ గాలి ఈ హద్దుకు పైనే ఉంటుంది. ఉక్కు తుప్పుగా మారితే రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. బుష్షులో ఉన్న సన్నని సందును ఆ తుప్పు నింపేసి పిన్నును బిగించేస్తుంది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటికి తాపీ పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. అలాంటి వరదలో మునిగిన బండికి ఒండ్రు బందుల సందుల్లోకి కూడా చేరుతుంది. పైపైన కడిగితే అది పోదు.

దుమ్ము మరో శత్రువు. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువులు క్వార్ట్జ్. మోహ్స్ కొలతలో దాని కాఠిన్యం 7, మెత్తని ఉక్కుది 4 నుంచి 5. ఈ దుమ్ము నూనెలో కలిస్తే ఏమవుతుందో సూరత్ వాసులకు వేరే చెప్పనక్కరలేదు. నదికి ఈవలి గట్టున అమ్రోలి ఉంటే, అవతలి గట్టున కతార్‌గామ్, ఆ పైన వరాఛా వజ్రాల సానకు ప్రపంచ ప్రసిద్ధం. అక్కడ వజ్రాన్ని అరగదీయడానికి వజ్రపు పొడినే నూనెలో కలిపి, తిరిగే పోత ఇనుప చక్రానికి పట్టిస్తారు. నూనె ఆ పొడిని చెదిరిపోకుండా పట్టి ఉంచి, రాయికి అందిస్తుంది. బందులో పాత దుమ్ము మీద కొత్త నూనె పోస్తే జరిగేది కూడా సానే. శబ్దం ఆగుతుంది, అరుగుదల సాగుతుంది. కూత లేదు గదా అని పట్టించుకోం. కొన్నాళ్లకు తలుపు కిందికి జారి, గడియ సరిగా పడదు.

మగ్గాల వాడలో దుమ్ముకు నూలు పీచు తోడవుతుంది. నూనె కారే చోట అది అంటుకుని, ముద్దకట్టి, వాన నీటిని పట్టి ఉంచుతుంది. అన్నిటికన్నా ఖర్చుతో కూడిన బెడద మరక. కారిన నూనె చుక్క గ్రే తాను మీదో చీరల పార్సిల్ మీదో పడితే ఆ నష్టం ముందు గ్రీజు ధర ఎంత? మగ్గాలకు కడిగితే పోయే ప్రత్యేక నూనెలు వాడేది ఈ భయంతోనే. సరుకు బండి బందుకూ అదే జాగ్రత్త కావాలి. ఇక్కడా గెలిచేది కారని కందెనే.

ఏ కందెన ఏ చోటికి?

వంట నూనెలు: వేరుశనగ, పత్తి గింజ, పొద్దుతిరుగుడు నూనెల అణువుల్లో జంట బంధాలు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ వాటిని పట్టుకుని నూనెను జిగురుగా, తర్వాత వార్నిష్‌లా గట్టిగా మారుస్తుంది. వంటింట్లో పాత మూకుడు అంచున పేరుకునే జిడ్డు అదే. కొబ్బరినూనెలో జంట బంధాలు తక్కువ, అంత త్వరగా జిగురు కాదు. కానీ 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, చలికాలం ఉదయాల్లో బందులో పనికిరాదు. ఇంట్లో ఉన్నవాటిలో ఏదో ఒకటి తప్పదంటే ఆముదం మేలు. అదీ తాత్కాలికమే.

నల్ల ఆయిలు: ఇంజన్ నుంచి దించిన నూనెలో మసి, ఆమ్లాలు, లోహపు రజను ఉంటాయి. క్యాన్సర్ కలిగించే పదార్థాలు కూడా ఉంటాయి. ఊరికే దొరుకుతుందని దాన్ని బందుకు వేయడం అరుగుదలను చేతులారా తెచ్చుకోవడమే. అది చేతికి అంటకుండా చూసుకోవాలి, చేతులు తగిలే బందుల మీద అసలు వాడకూడదు.

కుట్టుమిషన్ నూనె, మగ్గం నూనె: శుభ్రమైనవి, పలుచనివి. సందులోకి చక్కగా దిగుతాయి. గట్టిపడిన బందును వదులు చేయడానికి పనికొస్తాయి. వాన కడిగేస్తుంది, ఎండ పలుచన చేస్తుంది కాబట్టి వాటినే నమ్ముకుంటే తరచూ వేయాల్సి వస్తుంది.

డబ్ల్యూడీ-40 వంటి స్ప్రేలు: 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ క్షిపణుల లోహానికి తుప్పు పట్టకుండా, నీటిని తరిమేందుకు దీన్ని తయారు చేసింది. పేరులోని 40 అన్నది నలభయ్యో ప్రయత్నానికి గుర్తు. అందులో ఎక్కువ భాగం ఎగిరిపోయే ద్రావకం, కొంత పలుచని నూనె. తడిని తోసేయడానికి, తుప్పు పట్టును సడలించడానికి, పాత జిడ్డును కడగడానికి మంచి సాధనం. దాన్నే ఆఖరి కందెన అనుకుంటే కొద్ది రోజులకే శబ్దం తిరిగి వస్తుంది. తప్పు స్ప్రేది కాదు, అది చేసేందుకు పుట్టిన పని వేరు.

తెల్ల లిథియం గ్రీజు: ఉక్కు మీద ఉక్కు తిరిగే బందుకు సరిపోయే కందెన ఇదే. జింక్ ఆక్సైడ్ కలపడం వల్ల తెల్లగా ఉంటుంది. స్ప్రే డబ్బాలో దొరికే రకం మరీ అనువు. ద్రావకంతో పాటు పలుచగా సందులోకి దిగుతుంది, ద్రావకం ఎగిరిపోయాక గ్రీజు అక్కడే నిలుస్తుంది. చక్రాల బేరింగులకు వాడే ఏపీ-3 గ్రీజు కూడా లిథియందే, కానీ గట్టిది. పిన్ను ఊడదీసి పూసేటట్టయితే బాగా పనిచేస్తుంది. పిన్ను బిగించి ఉండగా పైన పూస్తే లోపలికి వెళ్లదు. గట్టిదనం అంకె తక్కువైతే గ్రీజు మెత్తన. చేత్తో పూయడానికి 2వ నంబరు రకం మంచిది.

కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు: నీటికీ, ఉప్పుకూ లిథియం కన్నా బాగా తట్టుకుంటుంది. ఓడలకు, రేవుల్లోని యంత్రాలకు వాడతారు. హజీరా వైపు, డుమస్ వైపు సముద్రం ఒడ్డున తిరిగే బండ్లకు ఇది దొరికితే తీసుకోదగ్గది.

గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్: రెండూ పొరలు పొరలుగా ఉండి, పొర మీద పొర జారే ఘన పదార్థాలు. గ్రాఫైట్‌కు జారడానికి గాలిలో తేమ కావాలి. మాలిబ్డినానికి పొడి గాలి అనుకూలం, తేమలో త్వరగా చెడుతుంది. అలాగని వానాకాలం సూరత్‌కు గ్రాఫైట్ పొడి మేలనుకోకూడదు. అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. ఉప్పు నీరు తగిలితే గ్రాఫైట్, ఉక్కు కలిసి చిన్న బ్యాటరీలా పనిచేసి ఉక్కును తుప్పు పట్టిస్తాయి. తాళం చెవి రంధ్రానికి దాన్ని ఉంచుకోండి, బందుకు వద్దు.

సిలికాన్ స్ప్రే: రబ్బరు బీడింగుకు ఇదే సరైనది. బీడింగు ఎక్కువగా ఈపీడీఎమ్ అనే రబ్బరుతో చేస్తారు. ఖనిజ నూనె, గ్రీజు తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. సిలికాన్ దానికి హాని చేయదు. ఒక్క జాగ్రత్త: డెంటింగు, పెయింటింగుకు బండి ఇవ్వబోతుంటే సిలికాన్ వాడకండి. దాని ఆనవాలు ఉన్న చోట కొత్త రంగు అంటక గుంటలు పడుతుంది.

పీటీఎఫ్ఈ: 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న ఈ పదార్థం ఘర్షణ చాలా తక్కువ ఉన్న ఘనపదార్థాల్లో ఒకటి. ఇప్పటి కార్లలో చాలా బందులకు పిన్ను చుట్టూ పీటీఎఫ్ఈ కలిపిన పలుచని పొర గల బుష్షులు ఉంటాయి. వాటికి మామూలుగా నూనె అక్కరలేదు. అలాంటి బందు కిర్రుమంటే ఆ పొర అరిగిందని అనుమానించాలి. తలుపును సగం తెరిచి, కొసను పట్టుకుని మెల్లగా పైకి ఎత్తి చూడండి. బందు దగ్గర ఆట తెలిస్తే ఏ కందెనా దాన్ని పూడ్చలేదు, బుష్షు మార్చాల్సిందే. మీ బండి పుస్తకంలో బందు గురించి ఏమి రాశారో చూసి, దాన్నే పాటించడం అన్నిటికన్నా భద్రం.

వేసే పద్ధతి

మంచి కందెన కొన్నంత మాత్రాన పని అయిపోదు. మురికి బందుకు ఖరీదైన గ్రీజు పూయడం కన్నా, శుభ్రం చేసిన బందుకు మామూలు గ్రీజు పూయడం మేలు. వాన లేని రోజు, బండిని నీడలో నిలిపి, ముందు బ్రష్షుతో పీచు, ఎండిన బురద దులపాలి. తర్వాత పలుచని స్ప్రే గానీ, కొంచెం కిరోసిన్ గానీ సందులోకి పంపి తలుపును అటూ ఇటూ తిప్పాలి. నల్లగానో, ఎర్రగానో కారే మురికిని గుడ్డతో తుడవాలి. నలుపు అరిగిన లోహానికీ పాత గ్రీజుకూ గుర్తు, ఎరుపు తుప్పుకు గుర్తు. కారేది తేటగా వచ్చే వరకూ ఇలాగే చేయాలి. తడి ఆరనిచ్చి, అప్పుడు లిథియం గ్రీజు స్ప్రేను పిన్ను పైకొసన, కింది కొసన, రెండు పలకలు కలిసే సందులో కొట్టాలి. తలుపును పూర్తిగా పదీ పదిహేను సార్లు తెరిచి మూస్తే గ్రీజు బుష్షు అంతటా పరుచుకుంటుంది. చివరగా బయట మిగిలిన గ్రీజంతా తుడిచేయాలి. బయట కనిపించే గ్రీజు బందుకు ఉపయోగపడదు, దుమ్మునూ పీచునూ పిలుస్తుంది, బట్టలకు మరకవుతుంది.

స్ప్రేలోని ద్రావకం మండుతుంది. సూరత్ ఆటోలు, టెంపోల్లో చాలావాటికి సీఎన్‌జీ సిలిండరు ఉంటుంది. ఇంజన్ ఆపి, గాలి ఆడే చోట, బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల దరి రాకుండా ఈ పని చేయాలి. వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానలు వెలిశాక అక్టోబరులో ఒకసారి చేస్తే మామూలు కారుకు సరిపోతుంది. రోజంతా సరుకు మోసే బండికి వానాకాలం మధ్యలో ఇంకోసారి కావాలి. నీట మునిగిన బండికైతే క్యాలెండరు చూడకుండా వెంటనే చేయాలి.

1966లో బ్రిటన్‌లో పీటర్ జాస్ట్ నాయకత్వంలో ఒక కమిటీ ఘర్షణ, అరుగుదల, కందెన గురించి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. తెలిసిన శాస్త్రాన్ని సరిగా వాడుకుంటే చాలు, ఆ దేశం ఏటా 51.5 కోట్ల పౌండ్లు ఆదా చేసుకోగలదని అది లెక్కగట్టింది. కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు, ఉన్నది తెలిసి వాడితే చాలన్నది ఆ నివేదిక సారం. టెంపో తలుపుకూ అంతే. ఒక పిన్ను, ఒక బుష్షు మార్చడానికి మెకానిక్ దగ్గర బండి ఒక పూట ఆగిపోతే ఆ పూట బాడుగ పోతుంది. తలుపు వంగి గడియ పడకపోతే ప్రాణానికే ముప్పు. దాన్ని ఆపేది ఒక చిన్న డబ్బా గ్రీజు, ఒక గుడ్డ, పావుగంట ఓపిక. మగ్గానికి ఎక్కడ చుక్క వేయాలో, ఎక్కడ వేయకూడదో చేతి అలవాటుతో తెలిసిన ఊరు సూరత్. ఆ జ్ఞానాన్ని షెడ్డు బయట నిలిచిన బండి దాకా తీసుకురావడం కష్టమేమీ కాదు. ముందు కడగండి, తర్వాత నిలిచే కందెన కొంచెమే పూయండి, మిగిలింది తుడిచేయండి.